మొదటి కట్ట తామరలు

బురదలో వేరు పెట్టించి, నీళ్ళలో కాడ పెంచి, గాలిలో పువ్వు విప్పించే దేవునికి స్తోత్రం. నెర్రెలు విచ్చిన కుంటలో కూడా దుంపను చావనివ్వకుండా దాచి, తొలకరికి మళ్ళీ ఆకు లేపే తండ్రికి మహిమ. వాగే నోటికన్నా మూగగా పూసే పువ్వు వల్ల ఎక్కువ స్తుతి పొందే ప్రభువుకు వందనం. ఈ మాటలు రాసే యోగ్యత నాకు లేదు. అయినా ఆయన పేరు ముందు పెట్టకుండా ఈ సంగతి మొదలుపెట్టే ధైర్యం అంతకన్నా లేదు.

మాది రేపల్లె దగ్గర ఒక ఊరు. మా నాన్న అక్కడి సంఘానికి కాపరి. చర్చికి వెనక, వరిచేలకూ మురుగుకాలువకూ మధ్య పల్లంలో ఒక కుంట ఉంది. వానాకాలంలో నడుము లోతు, ఎండాకాలంలో మోకాలి లోతు నీళ్ళుంటాయి. ఆ కుంట మీద బతికిన మనిషి ఒక ముసలావిడ. మాకు చుట్టం కాదు. మా అమ్మ ఆమెను అక్కా అని పిలిచేది కాబట్టి నాకు పెద్దమ్మ. భర్త పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు, సెంటు భూమి లేదు. కుంటే ఆమె పొలం.

మా ఇంట్లో గోడకు క్యాలెండరు వేలాడేది. పెద్దమ్మ ఇంట్లో అది ఉండేది కాదు, అవసరమూ లేదు. తొలకరికి గట్టు తడిసి తూటికూర తీగలు నీళ్ళ మీదికి పాకాయంటే కూరకు దిగేది. దాని గరాటు పువ్వు విచ్చకముందే కోయాలని, పూత వచ్చిందంటే కాడ పీచు పడుతుందని చెప్పేది. శ్రావణానికి తామరలు. వాటి వెనకే కలువలు. కలువ కాడల పైపొర ఒలిచి, చింతపండు పోసి పులుసు పెడితే ఆ వాసనకు మా ఇంట్లోంచి నేను గిన్నె పట్టుకుని పరుగెత్తేదాన్ని. వానలు వెనకబట్టాక గట్టు మీద నీటిగొబ్బి ముళ్ళ మధ్య నీలం పూలు పూసేది. కాళ్ళు నీరు పట్టిన ఆడవాళ్ళు దాని వేరు కావాలని వచ్చేవారు. తుంగ తల మీద గోధుమరంగు పూత కట్టి కాడ గట్టిపడ్డాకే కొడవలి వేసేది. చీల్చి, ఎండబెట్టి, చాపలు అల్లేది. చర్చిలో ఆడవాళ్ళ వైపు పరిచిన చాపలన్నీ ఆమె అల్లినవే. చలికాలం చివర జమ్ము కంకులు ఎండి, చేత్తో నలిపితే దూదిలా విడిపోయేవి. ఆ దూది తలగడల్లో కూరేది.

సెలవు రోజుల్లో ఆమె వెనకే తిరిగేదాన్ని. కాలు నీళ్ళలో పెట్టబోతే అరిచేది.

"పాపా, గట్టు మీదే ఉండు. జెలగలు నీకేం మేనమామలు కాదు, ముద్దు పెట్టుకోను."

నీళ్ళలోకి దిగగానే ఆమె చేసే మొదటి పని తామరలు కోయడం కాదు. నీళ్ళ మీద తేలే గుర్రపుడెక్క కలుపును రెండు చేతులా పోగుచేసి గట్టు మీదికి విసిరేది. ఒక్కో రోజు పది పోగులు, ఒక్కో రోజు ముప్పై. నడుము పట్టుకుని నిలబడి మళ్ళీ వంగేది.

"రోజూ ఎందుకు పెద్దమ్మా? నిన్న తీశావుగా?" అని అడిగేదాన్ని.

"నిన్న తీసింది నిన్నటిది. దీన్ని ఒక్క నెల్లాళ్ళు ఒదిలేశామా, ఇంక కుంట దాందే. తామరకి ఊపిరాడదు."

ఆ మాట నేను ఎన్నోసార్లు విన్నాను. గుర్తు రావలసిన రోజున మాత్రం గుర్తు రాలేదు.

ఇరవై మూడేళ్ళప్పుడు నన్ను నాన్న బాపట్లకు వాక్య శిక్షణకు పంపించారు. రెండేళ్ళు. హాస్టల్లో ఇనప మంచాలు ఇస్తారు, పడక మనమే తెచ్చుకోవాలి. పెద్దమ్మ ఒక తుంగచాప, జమ్ము దూది కూరిన తలగడ తెచ్చి ఇచ్చింది. బస్సులో ఆ తలగడ ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. పది రోజులకే దాని కుట్ల సందుల్లోంచి నూగు బయటికి రావడం మొదలైంది. పక్క మంచం అమ్మాయి తుమ్మి తుమ్మి, "అక్కా, నీ తలగడలో పిల్లిని గానీ కుక్కావా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రమే బజారుకు వెళ్ళి స్పాంజి తలగడ కొనుక్కుని, పెద్దమ్మ ఇచ్చింది మంచం కిందికి తోశాను. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు "తలగడ మెత్తగా ఉందా పాపా?" అని అడిగితే ఉందన్నాను. అది అబద్ధమని కూడా అప్పుడు అనిపించలేదు.

బాపట్లలో నాకు వాక్యం బాగా వచ్చింది. విగ్రహాలకు అర్పించిన వాటి గురించి అపొస్తలుడు రాసిన భాగం మీద నేను చెప్పిన పాఠాన్ని మా గురువుగారు అందరి ముందు మెచ్చుకున్నారు. అందులో తెలివి మనిషిని పొంగిస్తుందని హెచ్చరించే చోటు కూడా ఉంది. దాన్ని నేను ఎర్ర పెన్సిలుతో గీసుకున్నాను. గీసుకున్నానంతే.

ఊరికి తిరిగి వచ్చాక ఆదివారం బడి, స్త్రీల కూడిక నా చేతికి వచ్చాయి. ఆ ఏడే కోత పండుగ. ముందటేడు కార్తీకంలో.

మా సంఘంలో కోత పండుగను నూర్పిళ్ళు ముగిసి మాసూళ్ళు అయ్యేదాకా ఆగి చేయరు. ముందు పండిన చేలో చేతిలో పట్టినంత వరి పన ఒకటి కోసి తెచ్చి ప్రభువు బల్ల ముందు నిలబెడతారు. ఆ రోజు ఎవరి చేతి పనిలో మొదటిది వారు తేవాలి. పాడి ఉన్నవాళ్ళు ముందు పితికిన పాలు, కోళ్ళు పెంచేవాళ్ళు మొదటి పెట్ట గుడ్లు, కూరగాయలవాళ్ళు తొలి కాపు. పెద్దమ్మ ఏటా తామరలు తెచ్చేది. ప్రేమవిందులో అన్నం వడ్డించడానికి తామరాకులు కూడా ముందురోజు సాయంత్రమే కోసి, మడతలు పడకుండా గోనె తడిపి కప్పి, వంటపాకలో పెట్టేది.

కార్తీకంలో సోమవారాలకు తెనాలి పూల మార్కెట్టులో తామరలకు గిరాకీ. మా ఊరికి మార్కెట్టు నుంచి ఒక ట్రాలీ ఆటో వచ్చేది. ఆ శనివారం సాయంత్రం పెద్దమ్మ తడి చీరతో తామరల కట్టలు ఆటోలోకి అందించడం నేను చర్చి కిటికీలోంచి చూశాను. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. కానీ ఆ రోజు బాపట్ల కళ్ళతో చూశాను.

మర్నాడు కానుకలు అందుకునే పని నాన్న నాకు అప్పగించారు. బల్ల పక్కన మైకు పట్టుకుని నిలబడి, ఒక్కొక్కరు తెచ్చింది అందుకుని, దీవెన మాట ఒకటి చెప్పి పక్కన పెడుతున్నాను. పెద్దమ్మ వంతు వచ్చింది. తెల్ల చీర కట్టుకుంది. తామరాకులో చుట్టిన కట్ట రెండు చేతులా పట్టుకుని ఉంది. గులాబి రంగు మొగ్గలు, పది పన్నెండు. కాడల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఆగండి పెద్దమ్మా," అన్నాను. మైకు నోటి దగ్గరే ఉంది. "నిన్న తెనాలి పోయిన పూలతోటివే కదా ఇవి?"

"అవును పాపా. అదే కుంట గదా. నాకింకో కుంట ఏడుంది?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నన్ను చూసే నవ్వారనిపించింది.

"గుడికి పోయే పూలలో మిగిలినవి ప్రభువు బల్ల మీద ఎట్లా పెడతామండీ?"

"మిగిలినయ్యి కాదు తల్లీ. ముందు కోసినయ్యి. ఇయ్యి కోసి నీళ్ళల్లో నిలబెట్టినాకే బేరగాడికి కోశా."

"ఏది ముందో ఏది వెనకో దేవునికి మీరు చెప్పక్కర్లేదు. ఒక చేత్తో అక్కడికి, ఒక చేత్తో ఇక్కడికి ఇవ్వడం కుదరదు. ముందు ఆ బేరం వదులుకోండి. అప్పుడు బల్ల దగ్గరికి రండి."

ఆ మాటలు చర్చి కప్పు మీది లౌడుస్పీకరులోంచి ఊరంతా వినపడ్డాయి. మైకు ఆపాలని నాకు తోచలేదు. నిజం చెప్పాలంటే, తోచింది. ఆపలేదు.

పెద్దమ్మ నాన్న వైపు చూసింది. నాన్న చేతిలో పుస్తకం తెరిచి పేజీలు తిప్పారు. ఆ తర్వాత ఆమె నా వైపు చూసి, "అట్టాగేనండి, టీచరమ్మగారూ," అంది.

అప్పటిదాకా ఆమె నన్ను గారు అనలేదు, అండి అనలేదు. కట్ట అట్లాగే రెండు చేతులా పట్టుకుని బయటికి నడిచింది. చెప్పులు విడిచే చోట కుళాయి కింద బక్కెట్టు ఉంటే అందులో పూలు నిలబెట్టి, ఇంటికి వెళ్ళిపోయింది. నేను తర్వాతి మనిషి చేతిలోంచి గుమ్మడికాయ అందుకున్నాను.

మధ్యాహ్నం ప్రేమవిందు. వంటకు పెద్దగా ఉండే ఆవిడా నేనూ ఒకరినొకరం వదినా అనుకుంటాం. ఆమె నోటికి నాన్న కూడా జంకుతారు. నా ముందు తామరాకు పరిచి నీళ్ళు చిలకరిస్తూ, పక్కన వడ్డించే ఆమెతో అన్నట్టు అంది:

"పూలకి మైలంట. అదే దుంపకి పుట్టిన ఆకులకి లేదంట. బాపట్లలో అట్టా చెప్పారేమో. తినండమ్మా, చల్లారిపోద్ది."

"వదినా, పప్పు ఇటు," అన్నాను, విననట్టు.

ఆ ఆకు మీద అన్నం తిన్నాను. రెండోసారి వడ్డించుకుని తిన్నాను.

పెద్దమ్మ నేను చెప్పినట్టే చేసింది. ఆ తర్వాతి శనివారం ఆటో వస్తే ఉత్త చేతులతో తిప్పి పంపింది. ఆ తర్వాత ఆటో రావడం మానేసింది. పూలు లేకపోతే కుంటలోకి దిగే పనీ తగ్గింది. తుంగచాపలకు ఎప్పుడో గిరాకీ పోయింది, ఊళ్ళో అందరూ ప్లాస్టిక్ చాపలే కొంటున్నారు. పూలే ఆమె బతుకు. ఆమె కూలికి వెళ్ళడం మొదలుపెట్టింది. అరవై అయిదు దాటిన మనిషి మినుము పీకడానికి వంగితే ఎవరు పిలుస్తారు? జాలిపడ్డవాళ్ళు పిలిచారు.

ప్రభురాత్రి భోజనం ఇచ్చే ఆదివారాల్లో గుమ్మం పక్కన, చాప లేని చోట కూర్చునేది. రొట్టె పళ్ళెం వచ్చినప్పుడు తల అడ్డంగా ఊపేది. ఇంకా మనసు సరిచేసుకుంటోంది కాబోలు అనుకున్నాను. అడగలేదు.

అడగకపోగా ఇంకో పని చేశాను. సంక్రాంతి దాటాక రేపల్లెలో స్త్రీల కూడికకు నన్ను మాట్లాడమని పిలిచారు. అక్కడ పెద్దమ్మనే సాక్ష్యంగా చెప్పాను. మా సంఘంలో ఒక సహోదరి ఉందని, ముప్పై ఏళ్ళ పూల బేరాన్ని వాక్యం విని ఒక్క రోజులో వదిలేసిందని, లోబడటమంటే అదని. హాలంతా స్తోత్రం అంది. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఇంకో రెండు చోట్లకు పిలుపు వచ్చింది. మూడోసారి వెళ్ళేటప్పుడు ఆటోలో కూర్చుని కాగితం మీద రాసుకున్న మాటలు చూసుకుంటున్నాను. రోడ్డు పక్క మినుము చేలో పెద్దమ్మ మోకాళ్ళ మీద దేకుతూ మొక్కలు పీకుతోంది. వంగలేక దేకుతోంది. ఆటో దాటిపోయింది. కాగితం మడిచాను, కాసేపటికి మళ్ళీ తెరిచాను. ఆ రోజు కూడా ఆమె గురించే మాట్లాడాను.

ఎండలు ముదిరాయి. ఒకరోజు పొద్దున చర్చి వెనక తలుపు తీస్తే కుంటంతా ఊదారంగు. గట్టు నుంచి గట్టుదాకా పూలే. నీళ్ళు కనపడనంత పూలు. ఒక్కో గుత్తిలో పై రేకు మీద నెమలికన్ను లాంటి పసుపు మచ్చ. నేను మురిసిపోయి ఫోను తీసి ఫోటో పట్టాను. సృష్టికర్తను స్తుతిస్తూ నా సొంత మాట ఒకటి కింద రాసి స్టేటస్‌లో పెట్టాను. ఎంతమందో చేతులు జోడించిన బొమ్మలు పంపారు. అప్పుడే పెద్దమ్మ పుల్లల మోపుతో గట్టు మీద వస్తోంది.

"పెద్దమ్మా, చూశారా మన కుంట ఎంత బాగుందో!" అని ఫోను చూపించాను.

మోపు దించకుండానే ఫోను వైపు చూసింది. తర్వాత కుంట వైపు చూసింది.

"అవునండి. బాగా పూసింది," అంది. వెళ్ళిపోయింది.

అది గుర్రపుడెక్క పూత. తీసే చెయ్యి లేక అది పెరిగి, అల్లుకుని, గట్లు పట్టేసి, విరగబూసింది. దాని కింద తామరకు వెలుగు లేదు. చిన్నప్పుడు నేను చెవులారా విన్న సంగతే నా కళ్ళ ముందు పూసి ఉంటే, దానికి ఫోటో తీసి దేవునికి స్తోత్రం చెప్పాను.

నా కళ్ళు తెరిపించింది వాక్యం చదివిన మనిషి కాదు, తెనాలి పూలకొట్టు ఆయన. పోయిన కార్తీకంలో మా సంఘంలో ఒక పిల్ల పెళ్ళి. పందిరికి పూలు తెద్దామని పెళ్ళికూతురి మేనత్తా నేనూ రేపల్లె నుంచి పొద్దున రైలెక్కి తెనాలి వెళ్ళాం. మార్కెట్టులో చామంతులు బేరమాడుతుంటే కొట్టాయన మాది ఏ ఊరని అడిగాడు. చెప్పాను.

"అయితే చెల్లెమ్మా, మీ ఊరి తామరల మామ్మ బతికే ఉందా?"

"ఉందండి. ఏం?"

"ఏం అంటావేంటి? ఏడాదిగా తామరలకి ఎంత దూరం పోతన్నామో నీకేం తెలుసు. మామ్మ కట్ట కడితే ఒక్క మొగ్గ వాడేది కాదు. అయినా మొండి ముసల్ది. శనివారం ఆటో తీసుకుని నేనే వచ్చేవాణ్ణి. ఎంత గిరాకీ ఉన్నా మొదటి కట్ట ఇచ్చేది కాదు."

పక్కన బంతిపూలు కడుతున్న ఆవిడ తలెత్తింది. "ఆ మొదటి కట్ట కోసం ఈయనా మామ్మా కొట్టుకునేవాళ్ళమ్మా, అత్తా అల్లుడిలాగా."

"కొట్టుకోక? అందులోనే మంచి మొగ్గలుండేవి. 'అది మా ప్రభువుది నాయనా, నీ శివుడు రెండో కట్ట తీసుకోవాల' అనేది. 'మా శివుడికి నీ ఎంగిలి పూలా మామ్మా' అని ఏడిపించేవాణ్ణి. 'మీ సామి అంతకన్నా పెద్దమనసు గలాయనే, ఏం అనుకోడు, ఆటో తియ్యి' అనేది." ఆయన నవ్వాడు. నవ్వి, "ఏమైందసలు? కాళ్ళు పోయినయ్యా?" అని అడిగాడు.

నేను చామంతుల బుట్టలోకి చూస్తూ, "కాళ్ళు బాగానే ఉన్నాయండి," అన్నాను. ఏమైందో చెప్పాలంటే నేనెవరో చెప్పాలి.

తిరిగి వచ్చే రైల్లో పూలబుట్టల మధ్య కూర్చున్నాను. ప్రతి శనివారం మొదటి కట్ట. మరి ఆ కట్టలన్నీ ఏమయ్యేవి? నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి ప్రతి ఆదివారం బల్ల మీద ఇత్తడి చెంబులో తామరలో కలువలో ఉండేవి. ఎవరు పెడతారని నేను ఎప్పుడూ అడగలేదు. చెంబు ఏడాదిగా ఖాళీగా ఉందని కూడా ఆ రైల్లోనే గుర్తొచ్చింది. మిగిలినవి కాదు, ముందు కోసినవి అని ఆమె నాకు చెప్పింది. అందరి ముందూ చెప్పింది. నేను చదివిన గ్రంథమంతా మొదటి ఫలం ఎవరిదో చెబుతుంది. నేను చదివాను. ఆమె ఇచ్చింది.

మర్నాడు పొద్దునే వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని తూటికూర తుంచుతోంది. లేవబోయింది.

"కూర్చోండి టీచరమ్మగారూ. పీట తెస్తా."

నేను నేల మీదే కూర్చున్నాను. తప్పు చేశానని, క్షమించమని, ఇంకా ఏవేవో అన్నాను. ఆమె ఆకులు తుంచుతూనే ఉంది.

"బేరం వదిలేశారు కదా పెద్దమ్మా. మరి రొట్టె ఎందుకు తీసుకోవట్లేదు?" అని అడిగాను.

"బేరం ఒదిలేశా. చేతులు ఒదిలెయ్యలేను గదండి." రెండు చేతులూ నా ముందు చాపింది. వేళ్ళ సందులు నీళ్ళకు ఒరిసి తెల్లబడి, గోళ్ళ చుట్టూ నల్లగా ఉన్నాయి. "ఒక చేత్తో అక్కడికి, ఒక చేత్తో ఇక్కడికి అన్నారు మీరు. నాకున్నయ్యే రెండు. ఏ చేత్తో పట్టుకోను రొట్టె?"

నాకు ఏడుపు వచ్చింది. ఆమెకు రాలేదు.

"నేను తప్పు చెప్పాను పెద్దమ్మా. ఈ ఆదివారం బల్ల దగ్గరికి రండి."

"అప్పుడు రావద్దన్నారు, ఆగిపోయా. మీరు సదువుకున్నోళ్ళు, మీరు చెప్తే పెబువు చెప్పినట్టే అనుకున్నా. ఇప్పుడు రమ్మంటన్నారు. రేపు ఇంకో సదువు సదివొచ్చి మళ్ళీ ఒద్దంటే? మీ మాట మీద రానండి. నా పువ్వు తీసుకుని వస్తా. ఆయన పుచ్చుకుంటే అప్పుడు తింటా."

"మరి తీసుకురండి."

"ఏడున్నయ్యి? పోయి చూసిరండి కుంట."

వెళ్ళి చూశాను. నీళ్ళు ఉన్నాయో లేవో తెలియని పచ్చటి చాప. రాయి విసిరితే చప్పుడు కాలేదు.

ఆ ఆదివారం స్త్రీల కూడికలో ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాననే అనుకున్నాను. "మనలో ఎవరమైనా పరుషంగా మాట్లాడి ఒకరిని నొప్పించి ఉంటే..." అని మొదలుపెట్టి, అందరి తరపునా ప్రార్థన చేసి ముగించాను. బయట చెప్పులు వేసుకుంటుంటే వంట వదిన నా చెయ్యి పట్టుకుంది.

"ఎవరమైనా అంటే ఎవరు వదినా? నేనా? మా అత్తా? నువ్వు ఆ మాట అన్నది మైకులో. గుసగుసల్లో వెనక్కి రాదది."

ఆ వారంలో నాన్నతో అంతా చెప్పాను. ఆయన, "ఆ రోజు అక్క నా వైపు చూసింది. నీ పాండిత్యం చూసి మురిసిపోతూ కూర్చున్నా. నా తప్పు కూడా చెప్పు," అన్నారు.

తర్వాతి ఆదివారం ఆరాధనలో మైకు పట్టుకున్నాను. లౌడుస్పీకరు పని చేస్తోందో లేదో ముందు చూసుకున్నాను. పెద్దమ్మ తెచ్చింది మొదటి కట్ట అని, నేను దాన్ని మిగిలినది అన్నానని, ఆమెకు అన్నం పెట్టే పని మాన్పించి దాన్ని సాక్ష్యంగా చెప్పుకుని మెప్పు పొందానని, తలగడ మంచం కిందికి తోసిన దగ్గర్నుంచి చెప్పాను. నాన్న మాట కూడా చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. గుమ్మం పక్కన పెద్దమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. రొట్టె పళ్ళెం వచ్చింది. తల అడ్డంగా ఊపింది.

రేపల్లెతో కలిపి సాక్ష్యం చెప్పిన మూడు చోట్లకూ వెళ్ళి ఇదే చెప్పి వచ్చాను. ఒక చోట మళ్ళీ పిలవలేదు. అది న్యాయమే.

ఇంక చేయగలిగిందల్లా కుంటలోకి దిగడం. వేసవిలో నీళ్ళు తగ్గాక దిగాను. పెద్దమ్మ మొదటి రోజు గట్టు మీద నిలబడి చూసింది. నేను చేతికి అందింది అందినట్టు పీకుతుంటే రెండో రోజు ఆగలేకపోయింది, చీర బిగించి దిగింది. వంట వదినా, ఇంకో ఇద్దరూ కలిశారు. నెలన్నర పట్టింది. తీసినది గట్టు మీద కుప్పలు పడి కుళ్ళి, చేల వాళ్ళు ఎరువుకు తోలుకుపోయారు. జెలగలు నిజంగానే నాకు మేనమామలు కాదు.

ఇది రాస్తున్నది ఆషాఢంలో. వానలు పడ్డాయి. కుంటలో ఆకాశం కనపడుతోంది. తూటికూర వచ్చింది, తుంగ మొలకలు వచ్చాయి. తామర మాత్రం రాలేదు. దుంప బతికి ఉంటే వస్తుంది, కుళ్ళిపోయి ఉంటే రాదు, అంతే అంది పెద్దమ్మ. ఇప్పటికీ రోజూ పొద్దున దిగుతున్నాం, కొత్తగా తేలే గుర్రపుడెక్క తీసేయడానికి. నిన్న నడిమి లోతు దగ్గర నేను అడుగు వేయబోతుంటే వెనక నుంచి కేక పడింది.

"పాపా! కాలు తియ్యి! అక్కడ తొక్కబాకే!"

అండి లేదు, గారు లేదు. ఒంటికాలి మీద అట్లాగే నిలబడిపోయాను. ఆమె వచ్చి నీళ్ళలో చెయ్యి పెట్టి తడిమింది. రెండు వైపుల నుంచీ చుట్టుకున్న ఆకు ఒకటి, సూదిలా, ఇంకా నీళ్ళ పైకి రాలేదు. ఆమె దాన్ని చూపించలేదు. నా వేలు పట్టుకుని దాని మీద ఆనించింది, ఊరికే తాకించి వదిలేసింది.

అది ఆకే. పువ్వు కాదు. కోత పండుగకు ఇంకా నెలలున్నాయి. పెద్దమ్మ మాట మీద నిలబడే మనిషి, పువ్వు లేకుండా బల్ల దగ్గరికి రాదు. ఆమె ఒంట్లో ఓపిక ఏ ఏటికి ఆ ఏడు తగ్గుతోంది.

ఇంతదాకా చదివినవారిని ఒకటి అడుగుతాను. మీరు ఎక్కడ కూర్చుని చదువుతున్నా, ఒక్క నిమిషం నాతోపాటు తల వంచండి. మీ మాటల్లోనే అడగండి, నా మాటలు అక్కర్లేదు. ఆ ఆకు వెంట ఒక మొగ్గను లేపమని అడగండి. దాన్ని కోసే రెండు చేతులనూ కోత పండుగదాకా నిలపమని అడగండి. ఆ కట్ట బల్ల మీదికి వచ్చిన రోజున అందుకునే చోట నేను ఉంటే, నా నోరు మూయించమని అడగండి. ఆమెన్ మాత్రం కలిసి అందాం.